మొదటి కాన్పు, 35వ వారం. డాక్టర్‌ని ఏం అడగాలి, ఆసుపత్రికి ఎప్పుడు బయలుదేరాలి?

పల్నాటి_పిల్ల
మొదటి కాన్పు. 35వ వారం నడుస్తోంది. సీమంతం అవగానే నరసరావుపేట, అమ్మావాళ్ళింటికి వచ్చేశాను. మా ఆయన హైదరాబాద్‌లోనే, శనాదివారాలు వచ్చి పోతుంటారు. మొదటినుంచీ చూసిన డాక్టర్ అక్కడే ఉండిపోయారు, ఇక్కడ కొత్త డాక్టర్.

చెకప్‌కి వెళ్తే రెండు నిమిషాలు. ఏదైనా అడగబోతే "నీకెందుకమ్మా టెన్షన్, మేం చూసుకుంటాం కదా" అంటారు. బీపీ లేదు, షుగర్ లేదు, బిడ్డ తల కిందికే ఉందని స్కానింగ్‌లో రాశారు. నార్మల్ అవుతుందా అని అడిగితే ఇప్పుడే ఎలా చెప్తాం అన్నారు. సరే, అది నిజమే. కానీ బయటికి వస్తుంటే కౌంటర్లో అమ్మాయి "ముహూర్తం చూపించుకున్నారా మేడమ్? ముందే చెప్తే థియేటర్ ఖాళీ పెట్టిస్తాం" అంది. అప్పటినుంచి మనసు మనసులో లేదు.

ఇంట్లో ఎవరి సలహా వాళ్ళది. పిన్ని ఆముదం తాగమంటుంది, పక్కింటావిడ ఇల్లు తుడవమంటుంది. నాకు కావాల్సింది ఇదీ: అసలు నొప్పులని ఎలా తెలుస్తుంది, ఎప్పుడు బయలుదేరాలి, లోపలికి మనవాళ్ళని ఎవరినైనా రానిస్తారా, డాక్టర్‌ని ఏం అడగాలి. భయపెట్టే కథలు మాత్రం వద్దండీ, అవి మా వీధిలోనే కావలసినన్ని ఉన్నాయి.

గోదారి_గట్టు
థియేటర్ ఖాళీ పెట్టిస్తారా! బాల్కనీయా, నేలా?

బెజవాడ_బుజ్జి
నవ్వులాట కాదు, మాకూ అదే మాట చెప్పారు. ఇద్దరు పిల్లలు నాకు. మొదటిసారి దొంగ నొప్పులకే పరిగెత్తి చేరిపోయాం. చేరాక ఇంటికి పంపలేదు, నొప్పులు రావడానికి జెల్ పెట్టారు, సెలైన్ ఎక్కించారు, చివరికి కోశారు. రెండోది కూడా ఆపరేషనే అయింది. మొదటిసారి ఇంట్లోనే ఇంకాస్త ఆగి ఉంటే ఎలా ఉండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది. అందుకే "ఎప్పుడు బయలుదేరాలి" అన్నది మంచి ప్రశ్న.

లేబర్‌రూమ్_సిస్టర్
నేను సర్కారు ఆసుపత్రి లేబర్ రూమ్‌లో స్టాఫ్ నర్సుని. ఒక్కొక్కటే చెప్తాను.

దొంగ నొప్పులు పొత్తికడుపు దగ్గర బిగపడతాయి, లెక్కా పత్రం ఉండదు. పది నిమిషాలకోటి వచ్చి, తర్వాత అరగంట రాదు. నీళ్ళు తాగి పక్కకి తిరిగి పడుకుంటేనో, కాసేపు నడిస్తేనో తగ్గిపోతాయి. అసలు నొప్పులు ఎక్కువమందికి నడుములో మొదలై ముందుకి వస్తాయి. నడిచినా కూర్చున్నా తగ్గవు. పోనుపోను దగ్గరపడతాయి, ఎక్కువసేపు ఉంటాయి. నొప్పి వచ్చినప్పుడు మాట మధ్యలో ఆగిపోతుంది చూడండి, అది గుర్తు.

మొదటి కాన్పుకి మేం చెప్పేది: 5 నిమిషాలకోసారి నొప్పి రావాలి, ఒక్కోటి దాదాపు నిమిషం ఉండాలి, ఇలా గంటసేపు సాగాలి. అప్పుడు బయలుదేరండి. ఆసుపత్రి దూరమైతే ఇంకా ముందే.

ఇవి ఉంటే మాత్రం లెక్కలు వెయ్యకండి, వెంటనే వెళ్ళండి: ఉమ్మనీరు పోవడం (ఆకుపచ్చగానో గోధుమరంగులోనో ఉంటే మరీ తొందర, బిడ్డ లోపలే విరేచనం చేసిందని అర్థం), నెలసరిలా రక్తం కనబడటం, బిడ్డ కదలికలు తగ్గడం, విపరీతమైన తలనొప్పి, కళ్ళు మసకలు, ఫిట్స్. కొంచెం రక్తపు చారలతో జిగురు పడితే కంగారు పడక్కర్లేదు. నొప్పులు దగ్గర్లో ఉన్నాయన్నమాట. అది ఇవ్వాళే రావచ్చు, ఇంకో రెండు మూడు రోజులు పట్టనూవచ్చు.

పల్నాటి_పిల్ల
సిస్టర్, చాలా థాంక్సండీ. ఇంత విడమరిచి ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. కదలికల సంగతి ఒకటి అడగాలి. నెలలు నిండే కొద్దీ బిడ్డకి చోటు చాలక కదలడం తగ్గుతుందని అమ్మ అంటోంది, నిజమేనా?

లేబర్‌రూమ్_సిస్టర్
కాదు. తన్నడం పోయి దొర్లినట్టు అనిపించవచ్చు. కానీ తగ్గకూడదు. అన్నం తిన్నాక ఎడమవైపు తిరిగి పడుకుని లెక్కపెట్టండి, రెండు గంటల్లో 10 కదలికలు రావాలి. రాకపోతే తెల్లారేదాకా ఆగకండి. చాలామంది "పొద్దున చూద్దాంలే" అనుకుంటారు, మాకు బాధ కలిగించేది అదే.

డేటా_దాసు
బుజ్జి గారి అనుభవం ఒక్కరిది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే. దేశంలో అదే ఎక్కువ. ఆంధ్రలో 42.4. దేశం మొత్తం తీస్తే 21.5. ఒక్క ప్రైవేటు ఆసుపత్రులనే తీసుకుంటే తెలంగాణలో 81.5, ఆంధ్రలో 63. మన ఆడవాళ్ళ శరీరాలే వేరుగా ఉన్నాయా మరి? డబ్బు.

వరంగల్_వాణి
దాసు గారూ, ఆ 60.7లో నేనూ ఉన్నా. నొప్పుల మధ్యలో బిడ్డ గుండె కొట్టుకోవడం పడిపోతూ వచ్చింది, తిరిగి లేవలేదు. గబగబా తీశారు కాబట్టే మా పాప ఇవ్వాళ నా ఫోన్ పగలగొడుతోంది. అంకెలు వేసేసి "డబ్బు" అనేస్తే మాలాంటి వాళ్ళకి ఎలా ఉంటుంది? నార్మల్ అయితే గట్టిపిల్ల, ఆపరేషన్ అయితే ఓపిక లేనిది అని మా దిక్కు చుట్టాలు ఇప్పటికీ అంటరు. మీరు కూడా ఎందుకండీ.

డేటా_దాసు
అయ్యో, మిమ్మల్ని అనలేదండీ. అవసరమైన వాటి గురించి కాదు నా బాధ.

గైనిక్_పీజీ
నిద్ర లేకుండా రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. డబ్బు ఒక కారణం, కాదనను. అదొక్కటే అంటే ఒప్పుకోను.

చిన్న ఊళ్ళో నర్సింగ్ హోమ్ అంటే ఒక్క డాక్టరు. పగలంతా ఓపీ. నార్మల్‌కి ఆగాలంటే రాత్రంతా మేలుకోవాలి, మర్నాడు మళ్ళీ ఓపీ. ఆపరేషన్ అయితే గంటలో పని పూర్తి. దానికి తోడు బయట కూర్చున్న బంధువులు. అమ్మాయి ఓపిగ్గానే నొప్పులు పడుతుంటుంది, తలుపు కొట్టేది అన్నయ్యో మామయ్యో: "ఇంకెంతసేపు బాధపెడతారు, కోసెయ్యండి." ఆగి ఏదైనా అటూ ఇటూ అయితే అద్దాలు పగిలేది ఆసుపత్రివే. "ముందే ఎందుకు కొయ్యలేదు" అని అడుగుతారు గానీ, అనవసరంగా ఎందుకు కోశావని ఇప్పటిదాకా ఒక్కరూ గొడవకి రావడం నేను చూడలేదు.

ఇక పల్నాటి_పిల్ల గారికి పనికొచ్చే మాట. గర్భసంచి ముఖద్వారం గంటకో సెంటీమీటరు చొప్పున తెరుచుకోవాలని పాత లెక్క ఒకటి ఉండేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే దాన్ని పక్కన పెట్టింది. 5 సెంటీమీటర్లు వచ్చాకే అసలు నొప్పుల దశ మొదలైనట్టు లెక్కించమంది. మొదటి కాన్పుకి అక్కడినుంచి 12 గంటల దాకా పట్టినా మామూలే. అంతకుముందు దశ ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. తల్లీబిడ్డా బాగుంటే "2 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోయింది" అన్నది ఒక్కటే ఆపరేషన్‌కి కారణం కాదు.

బెజవాడ_బుజ్జి
నా ఫైల్లో అచ్చంగా అదే రాసి ఉంది. రెండు సెంటీమీటర్లు.

గోదారి_గట్టు
మాకు మెడకి పేగు చుట్టుకుందన్నారు. ఇంటిల్లిపాదీ ఏడుపు, సంతకం పెట్టేశాం.

గైనిక్_పీజీ
గట్టు గారూ, మీ కేసు చూడకుండా మాట్లాడకూడదు. మామూలుగా చెప్పాలంటే, పుట్టే పిల్లల్లో నలుగురైదుగురిలో ఒకరికి బొడ్డుతాడు మెడచుట్టూ ఉంటుంది. ఎక్కువమంది నార్మల్‌గానే పుడతారు, తల బయటికి రాగానే తాడుని వేలితో తప్పిస్తారు. స్కానింగ్‌లో అది కనబడినంత మాత్రాన కోయక్కర్లేదు. గుండె కొట్టుకోవడంలో తేడా వస్తే అప్పుడు వేరే సంగతి.

రిటైర్డ్_టీచరమ్మ
ముహూర్తం మాటెత్తారు కాబట్టి అడుగుతున్నా. ఎలాగూ ఆపరేషనే అని తేలిన వాళ్ళు మంచి నక్షత్రం చూసుకుంటే తప్పేముంది తల్లీ? మూలలోనో, జ్యేష్ఠలోనో పుట్టి శాంతులు చేయించుకోవడం కన్నా నయం కదా.

గైనిక్_పీజీ
తేలిన వాళ్ళు చూసుకోవచ్చు అమ్మా, ఒక్క షరతు: వేరే ఇబ్బంది లేకపోతే 39 వారాలు నిండాలి. మంచి రోజు 37వ వారంలోనే పడిందని ముందే తీయిస్తే బిడ్డ ఊపిరి ఇబ్బందితో ఐసీయూలో పడుతుంది. నక్షత్రం బాగుంటుంది, పిల్లవాడు పెట్టెలో ఉంటాడు.

గోదారి_గట్టు
మా బంధువులమ్మాయికి 10 గంటల 42 నిమిషాలకి పెట్టారు ముహూర్తం. అదే ఆసుపత్రిలో అదే ముహూర్తం ఇంకో ఇద్దరికి. డాక్టరమ్మ ఒక్కరే. మూడో పిల్లాడికి లగ్నం మారిపోయింది.

రిటైర్డ్_టీచరమ్మ
హహ్హ. పోనీలే, ఆ పిల్లాడే కలెక్టర్ అవుతాడు.

కాబోయే_నాన్న
నాదీ ఒక ప్రశ్న. మా ఆవిడకి 33వ వారం. లేబర్ రూమ్‌లోకి భర్తని రానిస్తారా? అడిగితే మా ఆసుపత్రిలో నన్ను వింతగా చూశారు.

లేబర్‌రూమ్_సిస్టర్
కాన్పు సమయంలో పక్కన ఒక తోడు ఉండవచ్చని కేంద్ర ఆరోగ్య శాఖే చెప్పింది. కాన్పు అనుభవం ఉన్న ఆడమనిషైతే మేలంటారు. మంచాల మధ్య తెరలు, చాటు ఉన్నచోట భర్తని కూడా రానివ్వవచ్చు. సర్కారు లేబర్ రూముల్లో పక్కపక్కనే మంచాలు, అందుకే మగవాళ్ళని వద్దంటాం. ప్రైవేటులో విడి గది ఉంటే అడగండి, గట్టిగా అడగండి. పక్కన మనిషి ఉంటే నొప్పి ఓర్చుకోవడం తేలిక, నేను రోజూ చూస్తున్నాను. తోడు వచ్చేవాళ్ళకి ఒక్క మాట: "అయ్యో నా తల్లీ" అని మీరే ఏడవకండి.

టెక్సాస్_తులసి
ఇక్కడ డాలస్‌లో మా ఆయన నొప్పులు మొదలైనప్పటినుంచీ పక్కనే ఉన్నారు, బొడ్డుతాడు కూడా ఆయనే కత్తిరించారు. ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా నడుములో ఇచ్చే మత్తు) తీసుకున్నాను, కాసేపు నిద్ర కూడా పట్టింది. మా అమ్మ విజిటర్ వీసా మీద వచ్చింది. ఆసుపత్రిలో కాన్పు అవగానే నాకు ఐసు ముక్కలు వేసిన నీళ్ళిచ్చారు, అమ్మ ఆ గ్లాసు లాక్కుంది. నర్సుకి ఏం అర్థమై ఉంటుందో తెలియదు.

వరంగల్_వాణి
😂 మా అత్తమ్మయితే నర్సుని కూడా తిట్టేది.

ఓ_నెగెటివ్
మధ్యలో దూరుతున్నా, ముఖ్యం కాబట్టి. మీ బ్లడ్ గ్రూప్ నెగెటివ్ అయితే, బిడ్డది పాజిటివ్ అని తేలితే 72 గంటల్లోపు మీకు యాంటీ-డి ఇంజెక్షన్ పడాలి. హడావిడిలో మర్చిపోతారు. ఫైలు మీద పెద్దక్షరాలతో రాసిపెట్టుకోండి. గ్రూప్ కలిసే ఇద్దరు రక్తదాతలని ముందే మాట్లాడి ఉంచుకోండి, రాత్రిపూట మా గ్రూప్ దొరకడం కష్టం.

కర్నూలు_కవిత
బ్యాగ్ గురించి ఎవరూ చెప్పలేదేం? ఇప్పుడే సర్దేసుకోండి, 36 దాటాక ఎప్పుడైనా రావచ్చు. పైన ఫైల్ ఉండాలి: స్కానింగులు, రక్త పరీక్షలు, తల్లీబిడ్డల కార్డు, ఆధార్, ఇన్సూరెన్స్ కార్డు. ముందువైపు తెరుచుకునే నైటీలు, ముదురు రంగు లంగాలు, పెద్ద సైజు ప్యాడ్లు (మామూలువి చాలవు), చెప్పులు, ఫ్లాస్క్. బిడ్డకి ఉతికిన మెత్తని పాత నూలు బట్టలు, టోపీ, సాక్సులు. కొత్త బట్టలు తొడగకూడదని మా పెద్దవాళ్ళంటారు, గంజి పెట్టిన కొత్త గుడ్డ పసిదానికి గుచ్చుకుంటుంది కాబట్టి ఈ ఒక్క విషయంలో పెద్దలతో గొడవ పడకండి. బంగారం ఇంట్లో పెట్టి వెళ్ళండి. గాజులూ అంతే.

కాబోయే_నాన్న
పొడుగు వైరు ఉన్న ఛార్జర్ కూడా. ప్లగ్గు ఎప్పుడూ మంచానికి అటుపక్కే ఉంటుంది.

పల్నాటి_పిల్ల
అన్నీ రాసుకుంటున్నా. మరి డాక్టర్‌ని ఏం అడగాలో కూడా చెప్పండి, రేపు చెకప్ ఉంది.

గైనిక్_పీజీ
"నార్మల్ అవుతుందా" అని అడగకండి, దానికి ఎవరూ జవాబు చెప్పలేరు. చెప్పగలిగినవి అడగండి. రాత్రి నేను వస్తే కాన్పు చేసేది మీరేనా, ఇంకెవరైనానా? మత్తు డాక్టర్ ఆసుపత్రిలో ఉంటారా, పిలిపిస్తారా, రావడానికి ఎంతసేపు? డ్యూ డేట్ దాటితే 41 వారాల దాకా చూస్తారా, ముందే నొప్పులు తెప్పిస్తారా? నొప్పుల్లో నడవనిస్తారా, నీళ్ళు తాగనిస్తారా? నార్మల్‌లో కింద కోసి కుట్లు వెయ్యడం అందరికీ చేస్తారా, అవసరమైతేనేనా? బిడ్డకి ఇబ్బంది అయితే ఇక్కడే చూస్తారా, ఎక్కడికి పంపుతారు?

కాగితం మీద రాసుకుని వెళ్ళండి. నోటితో అడిగితే రెండో ప్రశ్నకే లేపేస్తారు, కాగితం కనబడితే కొంచెం ఆగుతారు.

సర్కార్_కాన్పు
ప్రైవేటు గొడవంతా ఎందుకు, ఏరియా ఆసుపత్రికి వెళ్ళండి. జననీ శిశు సురక్ష అనే కేంద్ర పథకం కింద కాన్పు, ఆపరేషన్, మందులు, రక్తం, భోజనం అన్నీ ఉచితం. రానూపోనూ బండి కూడా ఉచితమే. మా చెల్లికి మంచిర్యాల వైపు సర్కారు ఆసుపత్రిలోనే అయింది, నార్మల్, పైసా ఖర్చు లేదు.

బెజవాడ_బుజ్జి
పైసా లేదా? మా ఆడపడుచుకి అయిన చోట బిడ్డని చేతికివ్వడానికి ఆయాలు డబ్బులడిగారు. మగపిల్లాడైతే ఒక రేటు, ఆడపిల్లయితే ఒక రేటు. ఒక మంచం మీద ఇద్దరు బాలింతలు.

లేబర్‌రూమ్_సిస్టర్
బుజ్జి గారు చెప్పింది అబద్ధం అనను, సిగ్గుపడాల్సిన విషయమే. అడిగితే ఇవ్వకండి, సూపరింటెండెంటుకి రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యండి. మంచాల కొరత పెద్ద ఆసుపత్రుల్లో ఉంది. అయితే రాత్రిపూట ముగ్గురు నలుగురు గైనిక్ డాక్టర్లు, మత్తు డాక్టర్, పిల్లల డాక్టర్, బ్లడ్ బ్యాంకు ఒకే చోట ఉండేది కూడా ఆ పెద్ద సర్కారు ఆసుపత్రుల్లోనే. ప్రైవేటులో పరిస్థితి చెయ్యిదాటితే చివరికి తీసుకొచ్చేది మా దగ్గరికే.

పల్నాటి_పిల్ల
వెళ్ళొచ్చాను. పీజీ గారు చెప్పినట్టు కాగితం తీశాను. డాక్టర్ మొదట నవ్వారు, తర్వాత కూర్చోబెట్టి అన్నిటికీ చెప్పారు. నడవనిస్తారట, నీళ్ళు, మజ్జిగ తాగొచ్చట. అమ్మని లోపలికి రానిస్తారట. అంతా బాగానే ఉంది గానీ, రాత్రిపూట మత్తు డాక్టర్ గుంటూరు నుంచి రావాలట. గంట పైనే పడుతుంది. పిల్లలకి ఐసీయూ కూడా గుంటూరులోనే. ఆవిడే అన్నారు, "నీకు ఏ రిస్కూ లేదు, ఇక్కడ ఫరవాలేదు. నీకు ధైర్యం చాలకపోతే గుంటూరులో చూపించుకో, నేనేం అనుకోను" అని. ఇప్పుడు ఇంట్లో రెండు పార్టీలు.

వరంగల్_వాణి
గుంటూరు. ఇంకో మాట లేదు. నాకు గుండె చప్పుడు పడిపోయినప్పుడు గంట ఆగాల్సి వచ్చి ఉంటే?

బెజవాడ_బుజ్జి
వాణి గారితో ఒప్పుకోను. ఇంత నిజాయితీగా చెప్పే డాక్టర్ దొరకడమే కష్టం. గుంటూరులో పెద్ద ఆసుపత్రికి వెళ్తే మళ్ళీ రెండు నిమిషాల చెకప్పు, కౌంటర్లో అమ్మాయి.

డేటా_దాసు
ఈసారి నేను వాణి గారి వైపు.

వరంగల్_వాణి
దాసు గారు నా వైపా! స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటున్నా.

గైనిక్_పీజీ
నేనైతే గుంటూరే అంటాను. ఇబ్బంది వచ్చేది తక్కువమందికే, కానీ ఎవరికి వస్తుందో ముందు తెలియదు. మొదటి కాన్పుకి టైమ్ ఉంటుంది కాబట్టి నొప్పులు మొదలయ్యాక గుంటూరు చేరడం కష్టం కాదు. ఇప్పటి డాక్టర్‌తోనే ఒక రిఫరల్ లెటర్ రాయించుకుని, అక్కడ ఇప్పుడే ఒకసారి చూపించుకుని పేరు రాయించుకోండి. నొప్పుల్లో కొత్త మనిషిగా వెళ్ళకండి.

రిటైర్డ్_టీచరమ్మ
తల్లీ, ఆముదం మాత్రం తాగకు. మా రోజుల్లో నేను తాగాను, విరేచనాలతో నీరసపడి నొప్పులప్పుడు ఓపిక లేకపోయింది. పుట్టగానే బిడ్డ నోట్లో తేనె నాకిస్తారు కొందరు, అదీ వద్దు. ముర్రుపాలు పిండి పారబొయ్యనివ్వకు. గంటలోపే రొమ్ము పట్టించమని అడుగు.

లేబర్‌రూమ్_సిస్టర్
టీచరమ్మ గారికి దణ్ణం. ఆపరేషన్ అయినా సరే గంటలోపు పట్టించవచ్చు, సిస్టర్‌ని సాయం అడగండి. ఇంకోటి, బాలింతకి మంచినీళ్ళు ఇవ్వకూడదని పథ్యం పెడతారు. కుట్లు చీము పడతాయంటారు. పడవు. నీళ్ళు తాగకపోతే మలబద్ధకం వచ్చి కుట్లకి అప్పుడు నిజంగా ఇబ్బంది.

పల్నాటి_పిల్ల
నాన్నగారు గుంటూరుకే ఓటేశారు. అక్కడ బాబాయి వాళ్ళిల్లు ఉంది, 38వ వారంలో వెళ్ళి వాళ్ళింట్లో ఉంటాం. ఆసుపత్రిలో ప్యాకేజీ ఎంతో అడిగితే నార్మల్‌కి ఒకటి, ఆపరేషన్‌కి ఒకటి చెప్పారు. ఇంకేమైనా అడగాలా?

కర్నూలు_కవిత
ప్యాకేజీలో ఏం లేవో అడగండి, ఏం ఉన్నాయో కాదు. పిల్లల డాక్టర్ ఫీజు, బిడ్డ టీకాలు (బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి), ఎపిడ్యూరల్, రక్తం, బిడ్డ ఐసీయూ. మాకు ఇవన్నీ డిశ్చార్జి రోజు విడిగా వచ్చాయి.

కాబోయే_నాన్న
మీ ఆయన కంపెనీ ఇన్సూరెన్స్ అయితే హెచ్‌ఆర్‌కి ఇప్పుడే మెయిల్ పెట్టించండి. కాన్పుకి విడిగా పరిమితి ఉంటుంది. బిడ్డ పేరు పాలసీలో ఎప్పటిలోగా చేర్చాలో కూడా అడగమనండి. మాకు ఆలస్యమైతే చేర్చరట.

లేబర్‌రూమ్_సిస్టర్
జననం నమోదు 21 రోజుల్లోపు ఉచితం. ఆసుపత్రి వాళ్ళే పంపుతారు, కానీ ఫారంలో అమ్మానాన్నల పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో సంతకం పెట్టే ముందు చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక రాస్తే తర్వాత పాస్‌పోర్టు దగ్గర తిరగాల్సి వస్తుంది.

టెక్సాస్_తులసి
ఇది మాత్రం నిజం. మా పెద్దాడి పేరు మూడు కాగితాల్లో మూడు రకాలు.